పురిటింటి జాగరణము

శివరాత్రినాడు మేలుకొన్నవానిని మన సంఘము పుణ్యాత్ముడనును. మంచెమీద మేలుకొని చేను కాచిన రైతును కష్టజీవి యని కొనియాడును. సరిహద్దున మేలుకొన్న సిపాయికి చేతులెత్తి మ్రొక్కును. కాని పరుల బిడ్డలైన బాలింతలను, కన్నులైన సరిగా విప్పని పసికందులను కనిపెట్టుకొని తెల్లవార్లు మేలుకొను నర్సును గూర్చి మాట వచ్చినపుడు మాత్రము "ఆ పిల్లకు నైట్ డ్యూటీలు గూడ ఉన్నయట" అని గొంతు తగ్గించి చెప్పును. జాగరణ మొక్కటే, గౌరవములో నింత భేదమేల? పాఠకులు మాతో గూడ నొకింత యాలోచింప గోరుచున్నాము.

బాలింత చెంత మేలుకొనుట నేటి యాసుపత్రులు కనిపెట్టిన క్రొత్త పని కాదు. చరకసంహిత శారీరస్థానములోని యెనిమిదవ యధ్యాయమునకు జాతిసూత్రీయమని పేరు. సూతికాగార మెట్లుండవలెను, అందేయే వస్తువులు సమకూర్చవలెను అని వివరించిన పిమ్మట నా గ్రంథము, ప్రసవమైన పది లేక పండ్రెండు దినములవరకు గుణవతులైన స్త్రీలును, ఆప్తులును మేలుకొని యుండవలెనని విధించుచున్నది. శాంతికర్మలును, రక్షావిధులును గూడ నందు కలవు. పూర్వులు భయపడినది గ్రహములకు. నేటి వైద్యులు భయపడునది రక్తస్రావమునకు, జ్వరమునకు, హెచ్చిన రక్తపుపోటుకు. భయకారణము మారినది గాని భయపడవలసిన కాలము మారలేదు.

తరువాతి కాలమున మన గృహములలో నా విధి యేమైనది? జాగరణము పోయి మైల మిగిలినది. బాలింతను వెలుతురు లేని గదిలో నుంచి, పది దినములు ముట్టరాదని దూరముగా నిలిచిన యిండ్లను మేము చిన్ననాట చూచితిమి. ముర్రుపాలు పిండి పారబోసి, బిడ్డకు తేనె నాకించిన పెద్దలను మేమెరుగుదుము. ఆ చీకటిగదిలోనికి వెనుదీయక పోయిన మంత్రసానికి చేటలో బియ్యము పోసి, వాకిటనుండియే పంపివేసెడివారు. ప్రాణము నిలిపినది ఆమె. గడప దాటరానిదియు నామెయే.

నేడా చీకటిగది చాలవరకు పోయినది. తెలంగాణమున నూటికి 97 ప్రసవములు ఆసుపత్రులలోనే జరుగుచున్నవని 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే తేల్చినది. లక్ష సజీవ జననములకు 2014–16 నడుమ 81గా నుండిన తల్లుల మరణములు 2018–20 నాటికి 43కు దిగినవి. అప్పుడు దేశమంతటికి ఆ లెక్క 97. ఇది సంతోషింపదగిన మార్పే. అయితే మంత్రసానిని వాకిట నిలిపిన చూపు మాత్రము మాసిపోలేదు; అది మెల్లగా నర్సుమీదికి మరలినది.

మా చెల్లెలు రెండవ కాన్పునకు మా యింటికి వచ్చియుండెను. సిద్దిపేటలో నొక యాసుపత్రిలో సాయంకాలము ఆరు గంటలకు ఆడుబిడ్డ కలిగెను. తల్లియు బిడ్డయు క్షేమమని వినగానే బంధువులు మిఠాయి పంచి, యిక భయము లేదని యిండ్లకు పోయిరి. లోపల మా యిల్లాలు, వెలుపల నడవలో బల్లమీద మేము మిగిలితిమి. రాజీవ రహదారిమీద లారీల చప్పుడు తప్ప ఊరు సద్దుమణిగెను. ఆ రాత్రి వార్డులో నున్న యిద్దరు నర్సులలో నొకతె యెనిమిదేండ్ల క్రిందట మా యొద్ద పదవ తరగతి చదివిన పిల్ల. పద్యమునకు గురులఘువులు గుర్తించుటలో ప్రతిసారియు తడబడెడిది. ఆ రాత్రి నాడి లెక్కించుటలో నామెకు తడబాటు లేదు.

తలుపు తెరచినపుడెల్ల మాకు కొంత కనబడుచుండెను. తక్కినది మా యిల్లాలు పిమ్మట చెప్పినది. ఆమె పడకనుండి పడకకు తిరుగుచుండెను. నాడి చూచును, రక్తపుపోటు చూచును, పొట్టమీద చేయి వైచి, గర్భాశయము గట్టి బంతివలె బిగిసియున్నదో లేదో తెలిసికొనును, గుడ్డ తొలగించి రక్తమెంత పోయినదో చూచును, కుట్లు చూచును. అంతటితో తీరదు. బిడ్డ అరికాళ్లు తాకి చల్లబడెనా యని చూచును. పాలు పట్టని బిడ్డను ఒడిలో సరిగా నమర్చి, ఏడ్చుచున్న తల్లిని "మొదట్ల అందరికి గిట్లనే ఉంటది అక్కా, వస్తయి" అని యోదార్చును. ఇవన్నియు కాగితముపై వ్రాసి, మరల మొదటి పడకకు వచ్చును.

రెండున్నర గంటలవేళ నామె మా చెల్లెలి దుప్పటి తొలగించెను. మా చెల్లెలు కదలక పడుకొనియుండెను. అలసి నిద్రించుచున్నదనియే మా యిల్లాలు తలచెను. పరుపు తడిసియున్నది. నర్సు ఒక్క కేక వైచి తోడి నర్సును పిలిచి, పొట్టను గట్టిగా మర్దించుచు, వైద్యురాలికి కబురు పంపెను. తోడి నర్సు ఆక్సిటోసిన్ కలిపిన సెలైను ఎక్కించెను. మూత్రాశయమును ఖాళీ చేసిరి. వైద్యురాలు పరుగున వచ్చెను. అరగంటకు రక్తము కట్టెను. ఆ పిల్ల చేతులు కడుగుకొని, మా వంక చూచి "ఏం భయం లేదు సార్" అని, ప్రక్క పడకకు పోయెను. అక్కడ నింకొక బిడ్డ ఏడ్చుచుండెను.

ఈ ప్రమాదము జరుగు తీరు గృహస్థులందరు తెలియవలసినది. నిండుచూలాలి గర్భాశయమునకు నిమిషమునకు అరలీటరు, అంతకు మించియు రక్తము ప్రవహించుచుండును. మాయ విడిపోయిన చోట తెరచుకొనియుండు నాళములను మూయునది గర్భాశయపు కండరముల బిగువే. ఆ బిగువు సడలెనా, తల్లి కేక వేయకయే రక్తము పోవును. చూచువారికి నిద్రవలె నుండును. ప్రపంచమున ప్రసవ మరణములకు ప్రధాన కారణమిదియే. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశములలో 80 ఆసుపత్రులందు జరిగిన యొక గొప్ప పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవి. కొలతగీతలు గల సంచిలోనికి రక్తమును పట్టి త్వరగా గుర్తించి, చికిత్సలన్నియు నొక్కసారిగా మొదలుపెట్టిన చోట తీవ్రమైన దుష్పరిణామములు నూటికి 60 పాళ్లు తగ్గినవి. అందు వాడిన మందులేవియు క్రొత్తవి కావు. క్రొత్తది వేళకు కనిపెట్టుట. వేళకు కనిపెట్టుటకు మేలుకొన్న కన్ను కావలెను.

ఆ కన్నులపై మనము మోపిన భారమెంత? తెలంగాణమున నూటికి 60కి పైగా ప్రసవములు శస్త్రచికిత్సతో జరుగుచున్నవని ముందు చెప్పిన సర్వేయే తెలుపుచున్నది. దేశములో నిదియే యెక్కువ. అనగా వార్డులోని తల్లులలో సగముకన్న నెక్కువమంది కడుపుకోత గాయముతో, లేవలేక, బిడ్డ నెత్తుకొనలేక యుండువారు. సాధారణాసుపత్రిలో ఐదుగురు రోగులకొక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికొకరు ఉండవలెనని భారత నర్సింగ్ మండలి ప్రమాణము. బాలింతల వార్డులో పడక యొకటైనను ప్రాణములు రెండు. సహజ ప్రసవములను పెంచుటకై 2017లో మన ప్రభుత్వము ఫెర్నాండెజ్ సంస్థ, యూనిసెఫ్‌ల తోడ్పాటుతో పొరుగుననే యున్న కరీంనగరములో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టెను. అట్టి ప్రయత్నములు పెరిగినకొలది రాత్రుల బరువు తగ్గును.

రాత్రి మేలుకొనుటకు శరీరము చెల్లించు మూల్యము గూడ కలదు. మన దేహములోని కణములందు దివారాత్రములను లెక్కించు గడియారమున్నదని, అది పనిచేయు తీరును తెలిపిన మువ్వురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించెను. రాత్రిపని బహుశః క్యాన్సరు కలిగింపగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధక సంఘము 2007లో వర్గీకరించి, 2019లో మరల నదియే చెప్పినది. ఇంటికి వచ్చిన నర్సు పగలు నిద్రించుట సోమరితనము కాదు, ఆరోగ్యరక్షణము. అయినను ప్రొద్దెక్కిన దాక పడుకొన్నదని అత్తలు, ఇరుగుపొరుగువారు ముక్కుమీద వ్రేలు వేసికొందురు.

మా చెల్లెలి బిడ్డను ఇరువదియొకటవ దినమున తొట్టెలలో వైచితిమి. మా పిలుపందుకొని ఆ పిల్లయు, గొల్లభామ చీరలు నేయు నామె తండ్రియు వచ్చిరి. అందరు భుజించిన పిమ్మట ఆ పెద్దమనిషి మమ్ము ప్రక్కకు పిలిచి తన సంకటము చెప్పెను. ఒక సంబంధము కుదురనున్నది. పిల్ల నచ్చినది, చదువు నచ్చినది, జీతము మరింత నచ్చినది. రాత్రి డ్యూటీలు మాత్రము మానవలెనట. "మీరు జెప్తె ఇంటది సార్" అనెను. మేము చెప్పకముందే ఆ పిల్ల విని, నవ్వుచు నిట్లనెను: "రాత్రిపూట కాన్పులు గాకుండ వాండ్లు ఆపుతమంటే, నేను గూడ రాత్రి డ్యూటీ బంద్ జేస్త సార్."

మేము ఆ తండ్రితో కలిసి వరుని యింటికి పోయితిమి. వరుడొక కర్మాగారములో మూడు వారముల కొకసారి రాత్రిపని చేయువాడే. అది వారికి దోషముగా దోచలేదు. "మా పిలగాడు మస్తు కష్టపడ్తడు" అని తల్లి గర్వముతో చెప్పెను. "అమ్మా, మీ బిడ్డకు కాన్పు ఏ వేళనైనది?" అని యడిగితిమి. "రాత్రి మూడు గొట్టంగ" అనెను. "దగ్గర నెవరుండిరి?" "ఎవరో సిస్టరమ్మ ఉండె. పాపం, మంచిది." "ఆ సిస్టరమ్మయు నొకరి కోడలే గదా" అంటిమి. ఆమె మాటలాడలేదు. పెద్దలు ఆలోచించి చెప్పుదుమనిరి. మూడు మాసములు గడచినవి, కబురు రాలేదు. తండ్రి యెదురుచూచుట మానెను. ఆ పిల్ల ఆ వారము వంతు ప్రకారము రాత్రిపనికి పోయినది.

స్త్రీ రాత్రి వెలుపల నుండుట అపాయకరము కాదా యని కొందరడుగుదురు. ఆ భయము కల్ల కాదు. 1973 నవంబరులో ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో అరుణా శాన్‌బాగ్ అను నర్సుపై, అక్కడ పనిచేయువాడే యొకడు అత్యాచారము చేసెను. ఆమె 2015లో మరణించువరకు తెలివి లేని స్థితిలో నుండెను. నలుబదియేండ్లకు పైగా నామెను కన్నబిడ్డవలె కాపాడినవారు ఆ యాసుపత్రి నర్సులే. 2024 ఆగస్టులో కలకత్తాలో రాత్రి విధిలో నున్న యువవైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురియైనది. కావున భయపడుట న్యాయమే. కాని చేనికి దొంగల భయమున్నచో కంచె వేయుదుముగాని సేద్యము మానము. త్రోవలో దీపము, పోవుటకు రావుటకు వాహనము, విశ్రమించుటకు గడియ గల గది, వాకిట కావలి, ఇవి యడుగవలసినవి. పిల్ల ఇల్లు కదలరాదనుట వీనికి బదులు కానేరదు.

గృహస్థులు చేయదగిన పనులు పెద్దవి కావు. వార్డులో గుంపులు గూడక, చేతులు కడుగుకొనిన పిదపనే బిడ్డను తాకవలెను. కాన్పు కాగానే గండము గడచెనని తలపక, మొదటి దినమున బాలింత మాటిమాటికి పలుకుచున్నదో లేదో కనిపెట్టి, అనుమానము కలిగిన తోడనే నర్సును పిలువవలెను. మన వీథిలో రాత్రిపని చేసి వచ్చిన స్త్రీ యున్నచో పగటివేళ ఆ యింటి తలుపు తట్టరాదు. ఇంట నర్సు కోడలైనచో, ఆమె రాత్రిపని వారములలో వంట భర్తయు నేర్వవలెను; అన్నము వండుట అగ్నిప్రవేశము గాదు. సంబంధములు చూచునపుడు వరుని రాత్రిపనికి ఏ తక్కెడయో వధువు రాత్రిపనికి నదే తక్కెడ వాడవలెను.

ఆప్తులు మేలుకొనవలెనని శాస్త్రము మనకు విధించెను. మన నిద్రకొరకు ఆ విధిని మనము జీతమిచ్చి పరులకు అప్పగించితిమి. అందు తప్పు లేదు. వారు మనకన్న నేర్పరులు. అయితే ఆప్తుల పని చేయువారిని ఆప్తులుగా నెంచుట మాత్రము జీతముతో తీరునది కాదు. మా చెల్లెలి బిడ్డ యిప్పుడు బోర్లపడుచున్నది. ఆ బిడ్డకు తల్లి మిగిలినది ఒకరు మేలుకొనియుండుటచేతనే యని మా యింట పెద్దలకు, పిల్లలకు మేము చెప్పుచున్నాము.