వాడి సొంత గొంతు

అనుకరణ విద్య తెలిసినవాడితో స్నేహం చేస్తే ఒక చిక్కుంది. వాడు బ్రతికి ఉన్నన్నాళ్ళూ అది మనకు తెలియదు. పోయిన తరువాత, ఏ రాత్రివేళో వాణ్ణి తలచుకుందామని కళ్ళు మూసుకుంటే వాడు రాడు. ముందుగా సుత్తి వీరభద్రరావు వస్తారు, ఆయన వెనుక అల్లు రామలింగయ్య, ఆ వెనుక ధర్మవరపు సుబ్రహ్మణ్యం. ఊరేగింపంతా వెళ్ళిపోయి వీధి ఖాళీ అయినా, ఊరేగింపును నడిపినవాడు మాత్రం కనిపించడు, వినిపించడు.

నా మిత్రుడు 2014 ఆగస్టు మొదట్లో గుండెపోటుతో పోయాడు. అప్పటికి వాడికి నలభై ఎనిమిదేళ్ళు. వాడి పేరు ఇక్కడ వ్రాయను. వాడి ఇల్లాలు వద్దన్నది, నేను సరేనన్నాను. బ్యాంకు గుమాస్తాగా చేరి గుమాస్తాగానే ఉండిపోయాడు. ప్రమోషను తీసుకుంటే బదిలీ చేస్తారనీ, బెజవాడ వదిలితే తన నాటికలు ఆడేవాళ్ళు దొరకరనీ వాడి భయం. పధ్నాలుగు నాటికలు వ్రాశాడు. ఒక్కటీ అచ్చు కాలేదు. వాటి గురించి వేరే వ్రాయాలి, ఈ రోజు గొంతు గురించే.

మేమిద్దరం బెజవాడ సత్యనారాయణపురంలో పెరిగాము. ఆ రోజుల్లో ఆ పేటలో పిల్లలకు నాటకమంటే రేడియోయే. ఆదివారం వస్తే ఏ ఇంటి ముందు నడిచినా ఒకే గొంతు మనతోపాటు నడిచి వచ్చేది. ఉషశ్రీ గారి పురాణ ప్రవచనం వినని తెలుగు లోగిలి ఉండేది కాదంటే అది అతిశయోక్తి కాదని, ఆ కాలం వారెవరైనా ఒప్పుకుంటారు. మావాడు పట్టిన మొట్టమొదటి గొంతు అదే. పదేళ్ళవాడు. ఒక ఆదివారం రేడియోలో బ్యాటరీలు అయిపోయి ప్రవచనం మధ్యలో ఆగిపోతే, వీడు బల్ల వెనుక నక్కి అక్కడినుంచి అందుకున్నాడట. వాళ్ళ మామ్మ చేతులు జోడించుకుని నాలుగైదు నిముషాలు భక్తిగా విన్నది. ఆ తరువాత వీడికి కథ తెలియక సీతమ్మవారిని ఎక్కడికో తీసుకుపోయేసరికి గుట్టు బయటపడింది. మామ్మ కోప్పడలేదు. "ఒరే నాయనా, కథ కూడా నేర్చుకో, వచ్చేవారం నువ్వే చెబుదువుగాని" అన్నది.

తరువాత జంధ్యాల సినిమాలు వచ్చాయి. "నాలుగు స్తంభాలాట" 1982లో వచ్చినప్పుడు మేము ఇంటర్మీడియెట్ పిల్లలం. ఆ సినిమాతోనే మామిడిపల్లి వీరభద్రరావు గారూ కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు గారూ 'సుత్తి' జంటగా స్థిరపడిపోయారు. ఇంటిపేర్లు తీసేసి ఒక మాటను ఇంటిపేరుగా తగిలించే అధికారం తెలుగు ప్రేక్షకుడికి ఎవరిచ్చారో కానీ, ఆ మాట చివరివరకూ వారిని వదలలేదు. "శ్రీవారికి ప్రేమలేఖ" (1984) మేము ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. టైటిల్సుతో సహా సినిమా కథలు చెప్పి ఎదుటివాళ్ళ ప్రాణం తీసే శ్రీలక్ష్మి పాత్రను వాడు ఆడగొంతుతో చేస్తుంటే, మా పక్కింటి పిన్నిగారు చేటలో బియ్యం చేటలోనే వదిలేసి వచ్చి నిలబడేవారు.

అయితే వాడి అసలు ప్రేమ వీరభద్రరావు గారి గొంతు మీద. ఆయన మా బెజవాడ ఆకాశవాణి మనిషి. అదీ మా పొగరు. ఆయన తిట్ల వరుసను ఎవరైనా కంఠస్థం చేయవచ్చు, అది గొప్ప కాదని మావాడు వాదించేవాడు. "మాటలు కాదురా, ఊపిరి చూడు. ఎక్కడ తీసుకుంటున్నాడో కనిపించనివ్వడు. మైకు ముందు నిలబడి నేర్చిన ఊపిరి అది" అనేవాడు. రేడియో నటుడికి మొహం లేదు, చేతులు లేవు. ఉన్నదంతా గొంతులో పెట్టాలి. ఒక్క మాట చివర కూడా మింగేయకూడదు. తెరమీదకు వచ్చాక కూడా ఆయన ఆ పద్ధతి వదలలేదు కాబట్టే, ఎంత వేగంగా తిట్టినా ప్రతి అక్షరమూ వినబడుతుందని వాడి సిద్ధాంతం. ఇవాళ మళ్ళీ ఆ సినిమాలు చూస్తే నాకూ అది నిజమేననిపిస్తుంది.

వీరభద్రరావు గారు 1988లో పోయారు. చిన్న వయసు. ఆ ఏడు దసరా పందిట్లో జనం ఎంత అడిగినా మావాడు ఆ గొంతు తీయలేదు. మరుసటి సంవత్సరం వాడంతట వాడే తీశాడు. అడిగితే, "వాడకపోతే తుప్పు పడుతుందిరా, ఆయన సొమ్ము నా దగ్గర తుప్పు పట్టకూడదు కదా" అన్నాడు.

అనుకరణ గురించి మాట్లాడుతూ నేరెళ్ళ వేణుమాధవ్ గారి ప్రస్తావన లేకపోతే నన్ను మీరు క్షమించరు, మావాడు అసలే క్షమించడు. (కోదాడ నుంచి వచ్చిన హాస్యనటుడు వేణుమాధవ్ వేరు. ఆయనా మిమిక్రీతో మొదలైనవారే, 2019లో పోయారు.) ఓరుగల్లు మట్టెవాడలో 1932లో పుట్టిన ఈ మహానుభావుడు 1971లో ఐక్యరాజ్య సమితిలో ప్రదర్శన ఇచ్చారు. 2001లో పద్మశ్రీ. మనుషుల గొంతులొక్కటే అయితే మరొకరితో పోల్చవచ్చు. ఆయన ఇంగ్లీషు సినిమాల్లోని సన్నివేశాలను హోరుతో, సంగీతంతో సహా ఒక్క గొంతులోంచి తీసేవారు. పద్య నాటకం ఎత్తుకుంటే రంగస్థలమే దిగి వచ్చేది. ఆయన ప్రదర్శన మేము ఒక్కసారే చూశాము. నేను చప్పట్లు కొడుతున్నాను, మావాడు కొట్టడం లేదు. బయటకు వచ్చాక చెప్పాడు: "గొంతు మార్చే ముందు ఆయన ఒక్క క్షణం ఊరుకుంటున్నాడు. ఆ క్షణంలో ఏం చేస్తున్నాడో చూస్తున్నా." ఏం చేస్తున్నారని అడిగాను. "పాతవాణ్ణి మర్యాదగా సాగనంపుతున్నాడు" అన్నాడు. ఈనాటి టీవీ మిమిక్రీలో నాకు దొరకనిది ఆ సాగనంపడమే. ఒకరి మెడ మీదనుంచి మరొకరు దూకుతూ ఉంటారు.

నేను 1990లో ఉద్యోగరీత్యా హైదరాబాదు వచ్చేశాను. కొన్నాళ్ళకు మా ఇళ్ళకు ఫోన్లు వచ్చాక మా మధ్య ఒక అలవాటు ఏర్పడింది. బయటివారికి అది వికారంగా తోచవచ్చు. ఎవరైనా హాస్యనటుడు పోతే ఆ రాత్రి వాడు ఫోను చేసేవాడు. నేను "హలో" అనగానే పోయినవారి గొంతుతో మాట్లాడేవాడు. హేళన కాదు. తాను పోయిన వార్త తానే చెబుతున్నట్టు, ఆలస్యమైతే ఏమీ అనుకోవద్దన్నట్టు, ఇంట్లో అందరినీ అడిగానని చెప్పమన్నట్టు రెండు నిముషాలు మాట్లాడి పెట్టేసేవాడు. 2004 జులై ఆఖరి రోజున అల్లు రామలింగయ్య గారు అలాగే నాతో మాట్లాడారు. 2010లో పద్మనాభం, 2012లో సుత్తివేలు. 2013 నవంబరులో ఏవీఎస్, నెల తిరగకుండా డిసెంబరులో ధర్మవరపు. ఆ రెండోసారి ఫోను పెట్టేసే ముందు, "నెలకు రెండు గొంతులంటే నావల్ల కావడం లేదు" అన్నాడు. అదీ ధర్మవరపు గొంతుతోనే.

ఈ వరుసలో ఒక్కటే వేరు. 2001 జూన్ 19న జంధ్యాల పోయారు. యాభై ఏళ్ళు. రాత్రి ఫోను మోగింది, ఎత్తాను. అవతల నిశ్శబ్దం. లైను కలవలేదేమోననుకున్నాను. చాలాసేపటికి, "ఇవాళ ఎవరి గొంతుతో మాట్లాడాలిరా?" అన్నాడు. "ఆపద్బాంధవుడు"లో తెరమీద విన్న జంధ్యాల గొంతు వాడికి తెలియక కాదు. కానీ అది ఆయన గొంతు కాదని వాడి లెక్క. వీరభద్రరావుదీ, వేలుదీ, శ్రీలక్ష్మిదీ, "అహ నా పెళ్ళంట"లో కోట పిసినారితనమూ బ్రహ్మానందం ఉక్రోషమూ... అన్నీ కలిపితే వచ్చేది ఆయన గొంతు. దాన్ని ఒక్కడు పట్టలేడు. ఆ రాత్రి మేము ఎక్కువ మాట్లాడుకోలేదు. ఎస్టీడీ బిల్లు మాత్రం ఎక్కువే అయింది.

పదిహేడేళ్ళ తరువాత, 2018లో, అదే జూన్ 19న నేరెళ్ళ వేణుమాధవ్ గారు పోయారు. మావాడుంటే ఆ తేదీని ఎలా వాడుకునేవాడో! అప్పటికి వాడు పోయి నాలుగేళ్ళు.

వాడు లేని మొదటి నిశ్శబ్దం 2015 జనవరిలో. ఎం.ఎస్. నారాయణ గారు పోయారని టీవీలో వ్రాస్తున్నారు. తొమ్మిదయింది, పదయింది. ఫోను బల్లమీద ఉంది. మా ఆవిడ భోజనానికి లేవమంటుంది. నేను ఎందుకు కూర్చున్నానో ఆవిడకు తెలుసు, అయినా ఒక్కసారి కూడా అడగలేదు. 2020 సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యం గారు పోయినప్పుడూ అంతే. బాలు హాస్యనటుడు కాదు కదా అంటారేమో. "మనుషులంతా ఒక్కటే" (1976)లో అల్లు వారికి ఆయన పాడిన పాట వినండి. నటుడి గొంతును గాయకుడు తన గొంతులోకి ఇంకించుకుంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది. "దశావతారం" తెలుగులో కమల్ హాసన్ పాత్రలు ఏడింటికి గొంతిచ్చినదీ ఆయనే. మావాడి మాటల్లో ఆయన "మన కులపువాడు", అంటే అనుకరణ కులం. 2025 జులైలో కోట శ్రీనివాసరావు గారు. ఆయన ఒకప్పుడు స్టేట్ బ్యాంకు ఉద్యోగి కనుక మావాడు ఆయన్ని "మా స్టాఫే" అనేవాడు.

ముఖపరిచయం లేని నటులకోసం ఇంత దుఃఖమేమిటని ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. నేను జవాబివ్వలేదు. నా దగ్గర ఉన్న జవాబు ఆయనకు పనికిరాదు. ఆ నటులు నాకు సగం తెర మీదనుంచీ సగం మావాడి నోటినుంచీ వచ్చారు. ఇప్పుడు వీరభద్రరావు గారిని అసలు సినిమాలో చూసినా, ఈయనెవరో మావాణ్ణి బాగానే అనుకరిస్తున్నాడే అనిపిస్తుంది.

2016లో వాడి ఇల్లాలు ఫోను చేసింది. "అన్నయ్యా, ఆయన గొంతు ఎక్కడైనా ఉందా?" అన్నది. ఇంట్లో వీడియోలున్నాయి, పెళ్ళిళ్ళవీ పేరంటాలవీ. అన్నిటిలోనూ ఎవరో ఒకరిలా మాట్లాడుతూనే ఉన్నాడు. పిల్ల అప్పటికి ఎనిమిదో తరగతి. నాన్న మామూలుగా ఎలా మాట్లాడేవాడమ్మా అని అడిగిందట. తల్లికీ గుర్తు రాలేదు. ఆ మాట చెప్పి ఆవిడ ఏడ్చింది.

నా దగ్గర వాడి క్యాసెట్లు మూడుండేవి. ఒకటి బూజు పట్టింది. ఇంకొకదాంట్లో టేపు నలిగింది. మూడోది వాళ్ళ బ్యాంకు వార్షికోత్సవంలో ఎవరో రికార్డు చేసినది, బాగానే ఉంది. ఆడే టేప్‌రికార్డరు దొరకడానికే నెల పట్టింది. నలభై నిముషాల ప్రదర్శన, పంతొమ్మిది గొంతులు, మధ్య మధ్య జనం ఈలలు. అంతా విన్నాను. ప్రకటనలు కూడా రేడియో వార్తలు చదివేవారి గొంతులోనే చేశాడు, దొంగ! మళ్ళీ మొదటికి తిప్పాను. ప్రదర్శన ఇంకా మొదలవకముందు, కుర్చీల చప్పుడు మధ్య, ఎవరో మైకును తడుతున్నారు. ఆ పైన కాస్త సన్నగా, కొద్దిగా బొంగురుగా, ఎవరిదీ కాని ఒక గొంతు:

"ఆ ఫ్యాను కట్టేయండి బాబూ, మైకులోకి గాలి కొడుతోంది."

ఆ ముక్క ఒక్కటి కత్తిరించి వాళ్ళకు పంపాను. ఇప్పుడు ఆ పిల్ల ఉద్యోగం చేస్తోంది. తల్లి ఫోను చేసినప్పుడల్లా తన ఫోను మోగే బదులు ఆ మాట వినబడేలా పెట్టుకున్నదట. ఆఫీసులో మొదట్లో ఒకరిద్దరు లేచి వెళ్ళి నిజంగానే ఫ్యాను కట్టేశారని చెప్పింది.