ఏటి అవతలి జట్టు

సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికి 200 కిలోమీటర్ల పైమాటే. కాళేశ్వరం మాత్రం గోదావరి దాటితే వచ్చేస్తుంది. ప్రాణహితకు అవతలి గట్టున కోటపల్లి, చెన్నూరు. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన ఉన్న ఈ తాలూకాలో ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, అడవి పల్లెల్లో గోండీ, మాడియా వినిపిస్తాయి. పిల్లనివ్వాలన్నా తెచ్చుకోవాలన్నా తెలుగు కుటుంబాలు ఏటి అవతలికే చూస్తాయి. అందుకే ఇక్కడ ఆటల పోటీ పెడితే ఎదుటి జట్టు పరాయి జట్టు కాదు, బావల జట్టు.

ఆ ఒక్క సంగతితో జనం గొంతే మారిపోతుంది.

ఈ పల్లెల్లో జనాన్ని లాగేది ఎక్కువగా కబడ్డీ, వాలీబాల్. మగవాళ్ల కబడ్డీ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. దాని చుట్టూ కట్టిన తాడుకు ఆనుకొని మొదటి వరుసలో పిల్లలు, వాళ్ల వెనక పెద్దలు, ఇంకా వెనక ట్రాక్టర్ ట్రాలీల మీద, గోడల మీద కుర్రాళ్లు. కూతకు వెళ్లినవాడికి ఉన్నది 30 సెకన్లు. ఆ 30 సెకన్లూ చుట్టూ ఉన్నవాళ్లు వాడితోనే ఊపిరి బిగబడతారు. పట్టు పడగానే ఒక వైపు డప్పు, ఈలలు, ఇంకో వైపు చప్పుడు లేదు. మళ్లీ అర నిమిషానికి అంతా తారుమారు. లొల్లి ముదిరితే కూత వినబడక రెఫరీ ఒంగి చెవి పెట్టాల్సి వస్తుంది. “బావా, గీత ముట్టి పోవుడేనా, మనిషిని ముట్టేదేమన్న ఉందా?” అని అరిచేవాడికి ఆ ఆటగాడి ఇంటిపేరు తెలుసు, వాళ్ల నాన్న కూడా ఒకప్పుడు ఇలాగే గీత ముట్టి వెనక్కి వచ్చేవాడని తెలుసు. తెలియనివాణ్ని అంత ముచ్చటగా ఎవరూ ఏడిపించలేరు.

దశాబ్దాలపాటు మావోయిస్టులకూ పోలీసులకూ నడుమ నలిగిన జిల్లా ఇది. చీకటి పడ్డాక నలుగురు ఒకచోట నిలబడాలన్నా జంకిన పల్లెలున్నాయి. ఇప్పుడు గడ్చిరోలి పోలీసులే వీర్ బాబురావ్ శెడ్మాకే పేరు మీద కబడ్డీ, బిర్సా ముండా పేరు మీద వాలీబాల్ పోటీలు జరుపుతున్నారు. చాందా ప్రాంతంలో ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడిన గోండు వీరుడు శెడ్మాకే. 1858 అక్టోబర్ 21న ఆయన్ను చాందా జైల్లో ఉరితీశారు. ఆయన పేరు రాసి కట్టిన బట్ట కింద ఆదివాసీ కుర్రాళ్లు తొడ కొట్టి బరిలోకి దిగుతుంటే చూడాలి. పోటీ పెట్టింది ఎవరన్న లెక్క పక్కన పెట్టినా, జనం భయం లేకుండా గుమిగూడి గొంతెత్తి అరవడం ఈ నేలకు చిన్న సంగతి కాదు.

పక్కపక్కనే బతికేవాళ్ల ఈ పోటీని ఫుట్‌బాల్ లోకం డెర్బీ అంటుంది. మన దేశంలో దాని పెద్ద వేదిక కలకత్తా, జట్లు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్. మొదటిది పాతకాపుల జట్టు, రెండోది తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ల జట్టు అన్న లెక్క చాలాకాలం నడిచింది. ఒకే వీధిలో కాపురముండి, ఒకే ట్రామెక్కి మైదానానికి పోయి, అక్కడ రెండుగా చీలిపోయేవాళ్లు. గెలిచింది ఈస్ట్ బెంగాల్ అయితే బజార్లో పులస జాతి చేప ఇలిశ, మోహన్ బగాన్ అయితే రొయ్య. ఓడినవాడి ముక్కుకు పక్కింటి కూర వాసన తగలక తప్పదు.

ఆ హోరులో హైదరాబాదువాళ్ల పాత్ర తక్కువది కాదు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957 నుంచి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. మోహన్ బగాన్‌లో చునీ గోస్వామి. కలకత్తాలో ఎదురెదురుగా తలపడిన ఈ ఇద్దరూ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో హైదరాబాదు గురువు రహీం చేతికింద ఒకే జట్టై బంగారు పతకం గెలిచారు. ఆ ఫైనల్లో స్టేడియం నిండా జనం భారత జట్టును వెక్కిరిస్తూనే ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి సోంధీ తప్పుపట్టాడన్న కోపం వాళ్లది. ముక్కూ మొహం తెలియనివాళ్ల అరుపు అది. అందులో ఈసడింపు తప్ప సరసం లేదు.

ఆ తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్. కలకత్తా మూడు పెద్ద జట్లకూ ఆడి ‘బడే మియా’ అనిపించుకున్నాడు. నిరుడు భుజాలకెత్తుకున్నవాళ్లే ఈ ఏడు అవతలి గ్యాలరీ నుంచి కేకలు వేస్తుంటే తొణక్కుండా ఆడటం ఎంత కష్టమో! ఆయన తమ్ముడు అక్బర్ 1976 లీగ్‌లో మోహన్ బగాన్ తరఫున ఈస్ట్ బెంగాల్ మీద 17 సెకన్లకే తలతో గోల్ కొట్టాడు, మ్యాచ్‌ను తేల్చింది ఆ ఒక్క గోలే. గ్యాలరీలో ఇంకా చోటు వెతుక్కుంటున్నవాడికి అది కనబడే వీలే లేదు. చుట్టూ లేచిన అరుపును బట్టి ఎవరు కొట్టారో పోల్చుకోవాలి.

1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు లక్షా 31 వేల మంది వచ్చారు. భైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టగా ఈస్ట్ బెంగాల్ 4-1తో మోహన్ బగాన్ మీద గెలిచింది. ఈ అంకె చెప్పుకొని మురిసిపోయే ముందు ఇంకో అంకె గుర్తుపెట్టుకోవాలి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే జట్ల మ్యాచ్‌లో గ్యాలరీలో గొడవ రేగి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆట చూడటానికి ఇంట్లో చెప్పి బయల్దేరినవాళ్లు వాళ్లు. రెండు జట్ల జనాన్ని కలగలిపి కూర్చోబెట్టి, బయటికి దారి సరిగా వదలనిచోట ప్రేమ కూడా ప్రాణం తీస్తుంది.

సిరొంచ వైపు పోటీలకు ఆ జాగ్రత్త ఇప్పుడు మరీ కావాలి. వంతెన లేని రోజుల్లో అవతలి జట్టు వెంట పడవ పట్టినంతమందే వచ్చేవాళ్లు. గోదావరి మీద వంతెన పడ్డాక ఆటోలు, జీపులు, బైకులు నేరుగా మైదానం అంచు దాకా వస్తున్నాయి. ఆడపిల్లల కబడ్డీ ఉంటే తల్లులు చిన్నపిల్లలను చంకనేసుకొని వస్తున్నారు. తాడు ఒక్కటే ఆపలేదు వీళ్లందరినీ. బరికి రెండు వైపులా నాలుగు మెట్ల సిమెంటు గద్దె కట్టాలి, ఆడవాళ్లకు విడిగా ఒక వైపు వదలాలి, అంబులెన్సు తిరగడానికి దారి ఉంచాలి, బండ్లను మైదానానికి దూరంగా ఆపించాలి. వచ్చే సీజన్ మొదలయ్యేలోపు పంచాయతీలు, పోలీసులు, పోటీ పెట్టే యువకులు కలిసి కూర్చుంటే తేలిపోయే పనులే ఇవన్నీ.