లేత కాళ్ల నడక

మా గణపవరం వైపు చేపల చెరువు గట్లమీద కాపలాకని రెండు నెలల కుక్కపిల్లను తెచ్చి, వెంటనే మెడకు నైలాను తాడు బిగించేవారున్నారు. మా మనవడైతే తన పిల్లను సైకిలు వెంట పరుగెత్తించబోయాడు. "గట్టిపడుతుంది తాతయ్యా" అంటాడు! సైకిలు ఆపించి ఆదికాండము 33వ అధ్యాయము చదివించాను. ఏశావు కలిసి వెళ్దామంటే, చంటిపిల్లలూ పాలిచ్చే పశువులూ ఉన్నవని యాకోబు వాటి అడుగునుబట్టే నడిచాడు గదా.

కుక్కపిల్ల ఎముకలు దాదాపు ఏడాది వచ్చేవరకు పూర్తిగా గట్టిపడవు. వాకిట్లో ఐదు నిమిషాల ఆట, మళ్లీ నిద్ర, అంతే చాలు. పాత చీర అంచును రెండు వేళ్లు దూరేటంత వదులుగా మెడకు కట్టాము. రెండు రోజులు గోక్కుంది, మానేసింది. తరువాత తేలికైన తాడు తగిలించి, మా కళ్లెదుటే ఈడ్చుకుంటూ తిరగనిచ్చాము. తాడు చేతబట్టాక అది లాగితే మనం లాగకూడదు, నిలబడిపోవాలి. తాడు వదులైతేనే అడుగు వేయాలి. ఈ ఓర్పు దానికంటే మనవడికే ఎక్కువ నేర్పవలసివచ్చింది.

గట్టుకు మాత్రం ఇంకా పంపలేదు. వీధికుక్కల మలంనుండి పార్వో అంటితే లేతపిల్ల రెండు మూడు రోజుల్లోనే పోవచ్చు. టీకాలు 6 నుండి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 4 నెలలు నిండేవరకు విడతలుగా వేయించాలి. రేబీస్ టీకా 3 నెలలకు. పశువుల డాక్టరుగారు చీటీమీద రాసిచ్చిన తేదీకి మనవడు గోడ క్యాలెండరులో ఎర్రసిరాతో సున్నా చుట్టాడు.