బంగాళాఖాతం అవతలి అమ్మాయిలు

విజయనగరం
2025 అక్టోబరు 12, ఆదివారం రాత్రి

అప్పా,

పలాస ప్యాసింజరు పొందూరు, చీపురుపల్లి దాటి విజయనగరం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సిరిమాను పండగ వెళ్లి వారమైనా కాలేదు, పైడితల్లి గుడి దగ్గర దుకాణాలు ఇంకా ఎత్తలేదు. రేపు విశాఖలో బంగ్లాదేశ్ అమ్మాయిలు దక్షిణాఫ్రికాతో ప్రపంచకప్ మ్యాచ్ ఆడుతున్నారు. నేరుగా అక్కడికి పోకుండా ఇక్కడ దిగడానికి కారణం డాక్టర్ పి.వి.జి.రాజు పేరిట ఉన్న క్రికెట్ మైదానం.

2014 జనవరి 25, 26 తేదీల్లో శ్రీలంక మహిళలు భారత్‌తో మూడు టీ20ల సిరీస్‌లో రెండు ఆ మైదానంలోనే ఆడారు. అంతకు ముందే విశాఖలో మూడు వన్డేలూ మనవాళ్లు గెలిచారు. టీ20లు కూడా అలాగే సాగుతాయని అంతా అనుకుంటే శ్రీలంక 2–1తో సిరీస్ పట్టుకుపోయింది. ఈ ఊరి పేరు క్రికెట్ చరిత్రకెక్కింది 1936లో, ఇక్కడి రాజవంశీకుడు విజ్జీ భారత జట్టును ఇంగ్లండ్‌కి నడిపించినప్పుడు. ఆయన ఆట మీద, నాయకత్వం మీద నేటికీ వాదనలున్నాయి. చిన్న జట్టు పెద్ద జట్టును ఓడించిన ఆ సిరీస్‌కు చోటివ్వడం ఊరికి అంతకన్నా పెద్ద గౌరవమని నా నమ్మకం.

ఇప్పుడు వస్తున్న జట్టు శ్రీలంక కన్నా కొత్తది. బంగ్లాదేశ్ మహిళలకు వన్డే హోదా దక్కింది 2011 నవంబరులోనే, అదీ సొంతగడ్డ మీద జరిగిన అర్హత టోర్నీలో అమెరికాను తొమ్మిది వికెట్ల తేడాతో ఓడించాక.

ఈ ప్రపంచకప్‌కి బంగ్లాదేశ్ వచ్చిన తీరు వింటే ఊపిరాడదు. ఏప్రిల్‌లో లాహోర్‌లో అర్హత టోర్నీ జరిగింది. చివరి రోజు వాళ్లు పాకిస్తాన్ చేతిలో ఓడి, వెస్టిండీస్ ఏం చేస్తుందా అని కూర్చోవాల్సి వచ్చింది. వెస్టిండీస్ థాయ్‌లాండ్ మీద 167 పరుగుల లక్ష్యాన్ని 10.5 ఓవర్లలోనే కొట్టేసింది. అయినా చాలలేదు. నెట్ రన్‌రేట్ బంగ్లాదేశ్‌ది 0.639, వెస్టిండీస్‌ది 0.626. ఆ పిసరంత తేడాతో వీళ్లు రేపు విశాఖలో ఆడుతున్నారు.

మనకీ బంగ్లాదేశ్‌కీ మధ్య ఉన్నది సముద్రమే. 2019లో ఈ జిల్లా మత్స్యకారులు ఎనిమిది మంది దారి తప్పి వాళ్ల జలాల్లోకి పోయి పట్టుబడి, మరుసటి ఏడాది గానీ ఇళ్లకు రాలేదు. అప్పుడు పూసపాటిరేగ వైపు ఊళ్లలో బంగ్లాదేశ్ అంటే భయం. మన పిల్లలకు ఆ దేశం ఇంకోలా కూడా తెలియాలి.

రాత్రి టీవీలో విశాఖలో జరిగిన భారత్ – ఆస్ట్రేలియా మ్యాచ్ చూశాను. మనవాళ్లు 330 కొట్టినా ఆస్ట్రేలియా మూడు వికెట్లు, ఆరు బంతులు మిగిలుండగా గెలిచేసింది. మహిళల వన్డేల్లో అప్పటిదాకా ఇంత పెద్ద ఛేదన జరగలేదు. అలిస్సా హీలీ 142. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి మూడు వికెట్లు తీసింది. అక్కడి స్టేడియంలో ఒక స్టాండ్‌కు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు మన ఆంధ్ర వికెట్ కీపర్ రావి కల్పన పేరు పెట్టారు.


విశాఖపట్నం
అక్టోబరు 13, సోమవారం రాత్రి

అప్పా,

విజయనగరంలో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కితే ఆనందపురం మీదుగా మధురవాడ వస్తుంది. స్టేడియం ఆ రోడ్డు పక్కనే, ఊళ్లోకి పోనక్కర్లేదు. స్త్రీశక్తి పథకం వచ్చాక ఆధార్ కార్డు చూపిస్తే మన ఆడవాళ్లకు బస్సు టికెట్ డబ్బులుండవు. ఈ ప్రపంచకప్ టికెట్లు కూడా వంద రూపాయల నుంచి పెట్టారు. శ్రీకాకుళం నుంచి ఒక ఆడపిల్ల అంతర్జాతీయ మ్యాచ్ చూసి రావాలంటే ఇది పెద్ద ఖర్చేమీ కాదు.

ముందుగా బంగ్లాదేశ్ బ్యాటింగ్. నింపాదిగా మొదలుపెట్టారు. షర్మిన్ అఖ్తర్ అర్ధసెంచరీ చేసింది, కెప్టెన్ నిగార్ సుల్తానా 32 కొట్టింది. చూసేవాళ్లకు నిద్ర వచ్చేలా ఉందనుకుంటుండగా షోర్నా అఖ్తర్ దిగింది. పద్దెనిమిదేళ్ల గుంట. దక్షిణాఫ్రికా బౌలర్ల మీద మూడు సిక్సులు బాదింది. 34 బంతుల్లో యాభై, బంగ్లాదేశ్ మహిళల వన్డేల్లో అన్నిటికన్నా వేగమైనది. జట్టు స్కోరు 6 వికెట్లకు 232.

దక్షిణాఫ్రికా 78 పరుగులకే సగం వికెట్లు పోగొట్టుకుంది. బంగ్లాదేశ్ బలమంతా స్పిన్. నహిదా, రబేయా, ఫాహిమా ఒకరి తర్వాత ఒకరు నెమ్మదిగా బంతి వేస్తూ బ్యాటర్ల చేతులు కట్టేశారు. 2023 డిసెంబరులో ఈస్ట్ లండన్‌లో ఇదే దక్షిణాఫ్రికాను వాళ్ల గడ్డ మీదే 119 పరుగుల తేడాతో ఓడించిన జట్టు ఇది. కాబట్టి గ్యాలరీలో ఎవరికీ ఇది వింతగా తోచకూడదు. అయినా తోచింది. చుట్టుపక్కల కుర్రాళ్లు ఫోన్లు పక్కనపెట్టి లేచి నిలబడ్డారు.

తర్వాత మారిజాన్ కాప్ 56, క్లోయి ట్రయాన్ 62 చేసి ఆటను నిలబెట్టారు. చివర్లో నదీన్ డి క్లర్క్ కొట్టిన బంతి లాంగాఫ్‌లో షోర్నా చేతుల్లోకి వచ్చి జారిపోయింది. మధ్యాహ్నం అంత గొప్పగా ఆడిన పిల్ల చేతుల్లోంచే! ఆఖరి ఓవర్లో ఎనిమిది కావాలి. డి క్లర్క్ ఒక ఫోరు, ఒక సిక్సు కొట్టి మూడు బంతులు మిగిలుండగానే ముగించేసింది.

ఆ క్యాచ్ గురించి రేపు అందరూ మాట్లాడతారు. నాకు తోచేది వేరు. ఒత్తిడిలో చెయ్యి వణక్కుండా ఉండటం నెట్స్‌లో వచ్చేది కాదు, పెద్ద జట్లతో చివరి ఓవర్ల దాకా పోరాడిన మ్యాచ్‌లు చాలా ఆడితేనే వస్తుంది. వీళ్లకు అలాంటివి ఎన్ని దొరికాయని?


విశాఖపట్నం
అక్టోబరు 16, గురువారం రాత్రి

అప్పా,

ఈ రోజు మ్యాచ్ గురించి రాయడానికి ఎక్కువ లేదు. బంగ్లాదేశ్ 9 వికెట్లకు 198. శోభనా మోస్తరి 66 నాటౌట్, మిగతావాళ్లలో రుబ్యా హైదర్ 44. ఆస్ట్రేలియా ఒక్క వికెట్టూ పోకుండా 24.5 ఓవర్లలో కొట్టేసింది. హీలీ ఈ వారంలోనే రెండో సెంచరీ, 77 బంతుల్లో 113. ఫీబీ లిచ్‌ఫీల్డ్ 84.

ఓటమి కన్నా దాని వెనక ఉన్న లెక్క చెప్పుకోవాలి. వన్డే హోదా వచ్చిన 2011 నుంచి 2022 మార్చి దాకా బంగ్లాదేశ్ మహిళలు ఆస్ట్రేలియాతో ఒక్క వన్డే కూడా ఆడలేదు. న్యూజిలాండ్‌లో జరిగిన తమ మొదటి ప్రపంచకప్‌లోనే తొలిసారి ఎదురుపడ్డారు. ఆస్ట్రేలియా ఢాకాకు వచ్చింది 2024లో. ఇలా ఏళ్లకొకసారి తలపడే జట్టు హీలీని ఆపే ఉపాయం ఎక్కడ నేర్చుకుంటుంది?

అవకాశం దొరికినప్పుడు వీళ్లు ఏం చేశారో మనకే బాగా తెలియాలి. 2018 జూన్‌లో కౌలాలంపూర్‌లో ఆసియా కప్ ఫైనల్. అంతవరకు ఆ కప్పు భారత్ తప్ప ఎవరూ గెలవలేదు. మనవాళ్లు 112 చేశారు. ఆఖరి బంతికి రెండు పరుగులు కావాలి, జహానారా ఆలం కొట్టింది, పరుగెత్తింది, గెలిచారు. ఆ జట్టుకు కోచ్ మన మాజీ వికెట్ కీపర్ అంజూ జైన్. ఆ రోజు ఓడిన భారత జట్టులో మిథాలీ ఉంది. ఆమె పేరున్న స్టాండ్ ముందే ఇవాళ వీళ్లు ఆడారు.

ఇక మారూఫా అఖ్తర్ సంగతి. నీల్‌ఫామారి జిల్లా పల్లెటూరి రైతు బిడ్డ, ఫాస్ట్ బౌలర్. కోవిడ్ రోజుల్లో తండ్రితో కలిసి పొలం దున్నింది. మంచి బట్టలు లేవని తమ కుటుంబాన్ని పెళ్లిళ్లకు కూడా పిలిచేవారు కాదని ఈ టోర్నీ సందర్భంగా కళ్లనీళ్లతో చెప్పింది. అదే అమ్మాయి కొలంబోలో పాకిస్తాన్ మీద మొదటి ఓవర్లోనే వరసగా రెండు బంతుల్లో ఇద్దరిని బౌల్డ్ చేసింది. 2023 జులైలో మీర్పూర్‌లో నాలుగు వికెట్లు తీసి మనల్ని కూడా ఓడించింది. మన లావేరు, రణస్థలం పొలాల్లో నాన్నలతో నాట్లకు పోయే గుంటలకు ఈమె కథ చదివి వినిపించాలి. ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్ దాకా వెళ్లిన నేల మనది. పల్లె నుంచి వచ్చినవాళ్ల బలం ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.


కాశీబుగ్గ
అక్టోబరు 21, మంగళవారం

అప్పా,

పెద్దమ్మ ఇంట్లో దీపావళి బాగా జరిగింది. జీడిపప్పు బట్టీలకు సెలవు కావడంతో పిక్కలు కొట్టే ఆడవాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు. బయట చిచ్చుబుడ్లు వెలుగుతుంటే లోపల ఫోన్‌లో నవీ ముంబై మ్యాచ్ చూశాం, శ్రీలంకతో బంగ్లాదేశ్‌ది.

లక్ష్యం 203. షర్మిన్ కాలు పట్టేసి మధ్యలో బయటికి వెళ్లాల్సి వచ్చింది. నిగార్ 77 దాకా లాక్కొచ్చింది. ఆఖరి ఓవరుకు తొమ్మిది పరుగులు కావాలి, చేతిలో వికెట్లున్నాయి. శ్రీలంక తరఫున చమరి ఆటపట్టు బంతి అందుకుంది. మొదటి నాలుగు బంతుల్లో నాలుగు వికెట్లు: ఒక ఎల్బీడబ్ల్యూ, ఒక రనౌట్, నిగార్ క్యాచ్, మళ్లీ ఎల్బీడబ్ల్యూ. ఏడు పరుగుల తేడాతో ఓడారు. సెమీఫైనల్ ఆశ అక్కడితో పోయింది. పెద్దమ్మకు క్రికెట్ తెలియదు. అయినా "ఆ గుంటలు ఏడుస్తున్నారు, ఎవరైనా దగ్గరికి తీసుకోండర్రా" అంది.

శ్రీలంక చేతిలో ఈ ఓటమి దక్షిణాఫ్రికా చేతిలో ఓటమి కన్నా ఎక్కువ బాధించింది. అక్కడ క్యాచ్ పోయింది, అవతల కాప్, ట్రయాన్ లాంటి తలపండినవాళ్లున్నారు. ఇక్కడ ఎదుట ఉన్నది తమ స్థాయి జట్టే, లక్ష్యం కళ్ల ముందే ఉంది. ఆ చివరి ఆరు బంతుల్లో ఎలా ఆడాలో చెప్పగలిగే అనుభవం నిగార్ వెనక వచ్చినవాళ్లలో ఎవరికీ లేదు. ప్రపంచకప్ అయ్యాక పెద్ద జట్లు వీళ్లతో ఏటా సిరీస్‌లు ఆడాలి. మన బోర్డు ముందుండి ఆ పని చేస్తే బాగుంటుంది. విజయనగరం లాంటి మైదానాల్లో పెడితే మన జిల్లాల పిల్లలకూ చూడ్డానికి వీలవుతుంది.

26న వీళ్ల ఆఖరి మ్యాచ్ మనతోనే, నవీ ముంబైలో. ఆదివారం కదా, బుజ్జిని బేగి అన్నం తినిపించి టీవీ ముందు కూర్చోబెట్టు. కొత్త బంతి మారూఫా చేతికిస్తే మొదటి ఓవరు వదలకుండా చూడమను. పాకిస్తాన్ మీద ఇన్‌స్వింగర్ ఎలా లోపలికి తిప్పిందో దానికి చెప్పాను, ఈసారి తనే చూసి నాకు చెబుతుంది.