పదిన్నర ముహూర్తం

ముహూర్తాలంటే నాకు మొదటినుంచీ గిట్టదు. మా పెళ్ళి తెల్లవారుఝామున మూడుగంటల పదకొండు నిమిషాలకు జరిగింది. హోమం పొగకు కళ్ళు మండుతూ, నిద్రకు తూగుతూ, ఇక ఈ గడియలవాళ్ళతో జన్మలో రాజీపడకూడదని పీటలమీదే నిశ్చయించుకున్నాను. తరువాత ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా ఆవిడ వర్జ్యం అన్నప్పుడల్లా, "కప్పకి వర్జ్యం ఉందటే?" అనేవాణ్ణి.

అటువంటివాణ్ణి మొన్నామధ్య ఒక ఆదివారం రాత్రి ఫ్రిజ్‌లోంచి తీసిన ఇంజక్షను చేత్తో పట్టుకుని గోడగడియారం వంక రెప్పవెయ్యకుండా చూస్తూ కూర్చున్నాను. పది ఇరవై. పది ఇరవైఒకటి. మా అమ్మాయి మంచంమీద గోడకానుకుని కూర్చుంది. మా ఆవిడ గుమ్మంలో నుంచుంది.

"ఆ గడియారం నాలుగునిమిషాలు ముందండీ," అంది ఉన్నట్టుండి.

నా గుండె ఝల్లుమంది. "అమ్మా, ఫోనులో చూస్తున్నానులే," అని అమ్మాయి నవ్వింది. ఆ ఇంట్లో నవ్వగలిగినది తనొక్కతే.

సరిగ్గా పదిన్నరకు పొట్టమీద సూది వెయ్యాలి. మంగళవారం ఉదయం పదిన్నరకు ఆసుపత్రిలో అండాలు తీస్తారు. మధ్య 36 గంటలు. ముందు తీస్తే పక్వానికి రావు. బాగా ఆలస్యమైతే పుటికలు పగిలి అండాలు జారిపోతాయి, అన్నారు డాక్టరుగారు. అల్లుడు పుణేలో ఉద్యోగం. మంగళవారం తెల్లవారి రైలుకు వస్తాడు. ఆసుపత్రికి పరిగెత్తేకంటే నేనే వేస్తానని ఒప్పుకున్నాను. ఎన్ని వందల కప్పల్ని కోసిన చెయ్యో ఇది! ఆ రాత్రి వణికింది.

అమ్మాయికి ముప్ఫయ్యో ఏట పెళ్ళయింది. ఇప్పుడు ముప్ఫయ్యేడు. ఈ ఏడేళ్ళలో "ఏమైనా విశేషమా?" అని అడగని చుట్టం లేదు. వాళ్ళ సంగతి సరే. నాలుగేళ్ళక్రితం నేనే ఒకసారి విసుగులో, "ఉద్యోగం ఉద్యోగం అంటూ కాలం దాటబెట్టుకున్నావు," అన్నాను. అది ఉద్యోగం ఎందుకు పట్టుకు వేలాడిందో నాకు తెలియదా? నాకు గుండె ఆపరేషను అయిన ఏడాదీ, ఆ అప్పులు తీరిన మూడేళ్ళూ ఇల్లు నడిపింది ఆ జీతమే. ఆ మాట అన్నప్పుడు అది ఏమీ అనలేదు. లేచి వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చింది.

సోమవారం మధ్యాహ్నం మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంటే, అమ్మాయి పక్కన చేరి, "నాన్నగారూ, ఈ 36 గంటలూ లోపల ఏం జరుగుతుంది?" అని అడిగింది.

పాఠం చెప్పమంటే నాకు ఒంటిమీద తెలివి ఉండదు. మొదలుపెట్టాను.

ఆడపిల్ల తల్లికడుపులో అయిదోనెల పిండంగా ఉన్నప్పుడే ఆ పిల్ల అండాశయాల్లో 60, 70 లక్షల అండకణాలుంటాయి. పుట్టేనాటికి పది ఇరవై లక్షలు మిగులుతాయి. బతుకు మొత్తంలో పక్వమై బయటపడేవి 400 చిల్లర. ప్రతి అండమూ పుట్టుకకు ముందే క్షయకరణ విభజన మొదలుపెట్టి, మొదటి మెట్టుమీదనే ఆగి నిద్రపోతుంది. కొన్ని పన్నెండేళ్ళు, కొన్ని నలభయ్యేళ్ళు.

మా ఆవిడ చిక్కుడుకాయ వదిలేసింది. "అంటే ఇది నా కడుపులో ఉండగానే..."

"ఉన్నాయి."

"అయితే మనవల్ని నేను అప్పుడే మోశానన్నమాట!" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా ఉద్యోగకాలమంతా ఈ సంగతి చెప్పాను. ఒక్క విద్యార్థికీ ఈ మాట తట్టలేదు. నాకూ తట్టలేదు.

అసలు విడ్డూరమేమిటంటే, ఆ నిద్ర అండం తనంతట తాను పోయేది కాదు. 1935లో అమెరికాలో పింకస్ అనే ఆయన, ఎంజ్‌మన్ అనే మరొకాయనతో కలిసి, కుందేలు అండాన్ని పుటికలోంచి బయటికి తీసి చూస్తే, ఏ హార్మోనూ తగలకుండానే అది మేలుకుని పని మొదలుపెట్టింది. అంటే నిద్రపుచ్చుతున్నది చుట్టూ ఉన్నవాళ్ళు. ఎలాగన్నది తరువాతివాళ్ళు తేల్చారు. అండంలో సైక్లిక్ ఏ.ఎం.పి. అనే చిన్న అణువు నిండుగా ఉన్నంతసేపూ అది కదలదు. దాన్ని విరగ్గొట్టే ఎంజైము అండంలోనే ఉంది గాని, చుట్టూ ఉన్న చిన్నకణాలు సైక్లిక్ జి.ఎం.పి. అనే మరో అణువును సన్నటి దారులగుండా లోపలికి పంపుతూ ఆ ఎంజైము నోరు నొక్కి ఉంచుతాయి. చంటిబిడ్డ నిద్రపోతుంటే ఇంటిల్లిపాదీ "ష్" అంటూ తిరగడం లేదూ, అలాగ.

మెదడుకింది పీయూషగ్రంథినుంచి ఎల్.హెచ్. హార్మోను ఉప్పెనలా వచ్చినప్పుడు, అది అండాన్ని నేరుగా లేపదు. చుట్టూ ఉన్న కణాలకు కబురు చెబుతుంది. అవి "ష్" అనడం మానేస్తాయి. జి.ఎం.పి. తగ్గుతుంది, ఎంజైము లేస్తుంది, ఏ.ఎం.పి. పడిపోతుంది. అప్పుడు అండంలో ఎన్నాళ్ళనుంచో కాచుకున్న ప్రోటీన్ల జంట పని అందుకుంటుంది. ఆ శక్తి ఉందని 1971లో మసూయి, మార్కెర్ట్ కప్ప అండాల్లోనే కనిపెట్టారు. (కప్పల్ని తేలిగ్గా చూడకండి.) కేంద్రకం పొర కరుగుతుంది. క్రోమోజోముల్లో సగాన్ని చిన్న మూటకట్టి బయటికి నెట్టేస్తుంది. మళ్ళీ ఆగుతుంది. ఈసారి ఎదురుచూపు శుక్రకణంకోసం. నిన్న వేసిన మందు ఆ ఎల్.హెచ్. వేషం కట్టినదే.

"36 గంటలని ఎవరు లెక్కకట్టారు?"

మనిషి అండానికి పన్నెండు గంటలు చాలునని పింకస్ రాసిపెట్టాడు. ఇంగ్లండులో ఎడ్వర్డ్స్ దాన్ని నమ్మి పన్నెండు గంటలకు చూస్తే, ఏమీ లేదు. ఎన్నిసార్లు చూసినా అంతే. చివరికి ఓపికపట్టి మరో పగలంతా వదిలేస్తే, పాతిక గంటలు గడిచాక కదలిక కనిపించింది. 1965లో ప్రకటించాడు. 1978 జూలై 25న లూయీస్ బ్రౌన్ పుట్టింది. ఆయనకు 2010లో నోబెల్ బహుమతి వచ్చింది.

అక్కడితో ఆపేశాను.

"మిగతాది కూడా చెప్పండి, నాన్నగారూ," అంది అమ్మాయి. "వయసు సంగతి."

చెప్పాను. క్రోమోజోముల జంటల్ని పట్టి ఉంచే ప్రోటీను కట్లు అన్నేళ్ళ నిద్రలో సడలిపోతాయి. విభజన వేళకు లెక్క తప్పుతుంది.

"అయితే మీరు ఆనాడు అన్నది నిజమేగా."

"లెక్క నిజమే, తల్లీ. నేనే అనకూడనివాణ్ణి. ఆ ఏళ్ళు నువ్వు నాకిచ్చావు."

అది తల వంచుకుని చిక్కుడుకాయలు తీసుకుంది. మా ఆవిడ కావాలనే వంటింట్లోకి వెళ్ళి ఏదో చప్పుడు చేసింది.

మంగళవారం పదకొండు అండాలు తీశారు. ఎనిమిది పక్వమైనవి. మూడు ఇంకా నిద్ర లేవలేదట. మర్నాడు ఫోను వచ్చింది, అయిదు ఫలదీకరణం చెందాయని. వాటిలో ఎన్ని నిలుస్తాయో, నిలిచినది లోపల కుదురుకుంటుందో లేదో చూడాలి.

ఆ రాత్రి నీళ్ళకని లేస్తే వంటింటి అలమరలో పంచాంగం తెరిచి ఉంది. ఆదివారం పేజీలో చిన్న కుంకుమబొట్టు.

"పదిన్నరకి ఏముందే?" అన్నాను.

"మీకెందుకండీ? మీరు నమ్మరుగా."

"ఊరికే అడిగాను."

"బాగానే ఉంది, పడుకోండి," అంది.