ఇద్దరు రిసీవర్లు తెచ్చిన జాగా

అమెరికన్ ఫుట్‌బాల్‌ను చాలామంది బంతి వెంటే చూస్తారు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లు ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని, ఒకరి మీద ఒకరు పడిపోవడం తప్ప ఈ ఆటలో ఏముందని అడుగుతారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. బంతిని కాసేపు వదిలేయండి. పాస్ అందుకోవడానికి పరుగెత్తేవాళ్లే రిసీవర్లు. వాళ్లలో బంతి అందని రిసీవర్ ఎటు పరుగెడుతున్నాడో, అతని వెనక ఎంతమంది పడుతున్నారో చూడండి. ఒక జట్టు పాసింగ్ బాగుపడేదీ చెడేదీ అక్కడే. కొత్త రిసీవర్లు వస్తే జట్టులో ఏం మారుతుందన్న మాట ఎప్పుడొచ్చినా నాకు 2007 నాటి న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ గుర్తొస్తారు.

ముందు సీజన్‌లో వాళ్ల పరిస్థితి ఏమంత బాగాలేదు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి అప్పటికే మూడు సూపర్ బౌల్ విజయాలున్నాయి. కానీ అతను ఎవరికి విసరాలి? నమ్మకమైన రిసీవర్ డియాన్ బ్రాంచ్‌తో జీతం దగ్గర బేరం తెగక, 2006 సెప్టెంబరులో అతన్ని సియాటిల్‌కు ఇచ్చేశారు. డేవిడ్ గివెన్స్ అంతకుముందే టెనెసీకి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లలో ఎక్కువ బంతులు పట్టింది కాల్డ్‌వెల్, 61 క్యాచ్‌లు, 760 గజాలు. 2007 జనవరిలో ఇండియానాపోలిస్‌లో జరిగిన కాన్ఫరెన్స్ ఫైనల్లో పేట్రియట్స్ ఒక దశలో 21-3 ఆధిక్యంలో ఉండి కూడా 38-34తో ఓడిపోయారు. ఆ మ్యాచ్‌లో ఒకసారి ప్రత్యర్థులు తడబడి కాల్డ్‌వెల్ ఎదుట ఎవరినీ నిలబెట్టలేదు. బ్రేడీ వెంటనే బంతి విసిరాడు. అది కాల్డ్‌వెల్ చేతుల్లో పడి జారిపోయింది. ఓటమి నెపమంతా అతని మీద వేయడం నాకు న్యాయంగా అనిపించదు. అతను రెండో రిసీవర్‌గానో మూడో రిసీవర్‌గానో చక్కగా ఆడగలిగినవాడు. మొదటివాడి బరువు అతని నెత్తిన పెట్టింది జట్టే.

ఆ వసంతంలో జట్టు యాజమాన్యం ఆ లోటు తీర్చడానికి పూనుకుంది. మార్చిలో మయామీ నుంచి వెస్ వెల్కర్ వచ్చాడు. ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి. జట్లు రౌండ్ల వారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2004లో, ఏ జట్టూ అతన్ని ఎంచుకోలేదు. అతని కోసం పేట్రియట్స్ రెండో రౌండ్, ఏడో రౌండ్ ఎంపికలు ఇచ్చుకున్నారు. ఏప్రిల్‌లో, డ్రాఫ్ట్ రెండో రోజున, ఓక్లండ్ నుంచి రాండీ మాస్ వచ్చాడు. ఆరడుగుల నాలుగంగుళాల పొడవు, గుర్రంలాంటి పరుగు. 1998లో మిన్నెసోటాలో అడుగుపెట్టిన ఏడాదే 17 టచ్‌డౌన్లు పట్టినవాడు. అంతటివాడికి చెల్లించింది ఒక్క నాలుగో రౌండ్ ఎంపిక! ఓక్లండ్‌లో చివరి ఏడాది అతను పట్టినవి 42 క్యాచ్‌లే. పనైపోయిందన్నారు, మనసు పెట్టి ఆడడన్నారు. వీళ్లిద్దరితోపాటు డాంటే స్టాల్‌వర్త్ కూడా చేరాడు.

సెప్టెంబరు 9న న్యూయార్క్ జెట్స్ మీద తొలి మ్యాచ్. మాస్ 9 క్యాచ్‌లు పట్టి 183 గజాలు సాధించాడు. అందులో ఒకటి 51 గజాల టచ్‌డౌన్. ముగ్గురు డిఫెండర్లు చుట్టూ ఉండగానే వాళ్లను దాటుకుని పోయి బంతి అందుకున్నాడు. మిగతా జట్లన్నీ ఆ వీడియో చూసి ఉంటాయి. ఆ తర్వాత మాస్ నిలబడిన వైపు అంచున కాసే ఒక్క కార్నర్‌బ్యాక్‌ను వదిలి ఊరుకోవడం ఎవరికీ క్షేమంగా తోచలేదు. అతని వెనక దూరంగా ఒక సేఫ్టీని, అంటే చివరి వరస డిఫెండర్‌ను, కాపలా పెట్టాల్సి వచ్చింది.

మైదానంలో డిఫెన్స్ వైపు ఉండేది పదకొండు మందే. ఇద్దరు ఒకడి మీదే కన్నేసి వెనక్కి జరిగితే, ముందు పదిహేను గజాల్లో ఆ మేరకు ఖాళీ పడుతుంది. క్రికెట్‌లో సిక్సర్లు బాదేవాడు క్రీజులోకి రాగానే కెప్టెన్ ఫీల్డర్లను బౌండరీకి పంపిస్తే, అవతలి ఎండ్‌లో ఉన్నవాడికి సింగిల్స్ పుష్కలంగా దొరికినట్టు, మాస్ వెనక్కి నెట్టిన నేల మీద వెల్కర్ బతికాడు. మాస్ పరుగు పెట్టినంత మాత్రాన బ్రేడీ అతనికే విసరాలని లేదు. విసురుతాడేమోనన్న భయం చాలు.

వెల్కర్ ఆటను దగ్గర్నుంచి చూస్తే దాని అందం తెలుస్తుంది. అతను అంచున కాక లోపలి వైపు, స్లాట్‌లో నిలబడేవాడు. స్నాప్‌తో బంతి ఆటలోకి రాగానే ఐదారు గజాలు నేరుగా పరుగు. ఎదుటి డిఫెండర్ లోపలి వైపు కాచుకుని ఉంటే బయటికి తిరుగుతాడు. బయట కాచుకుని ఉంటే లోపలికి. ఆ డిఫెండర్ వెనక్కి జంకుతూ పోతుంటే ఉన్నచోటే ఆగి, క్వార్టర్‌బ్యాక్ వైపు ముఖం తిప్పుతాడు. ఎటు తిరగాలన్నది ముందుగా రాసిపెట్టింది కాదు, ఆ క్షణంలో తేల్చుకునేది. బ్రేడీ కూడా అదే డిఫెండర్‌ను చూసి అదే నిర్ణయానికి రావాలి. ఎందుకంటే వెల్కర్ తల తిరిగేలోపే బంతి బ్రేడీ చేతిలోంచి వెళ్లిపోవాలి. ఇద్దరూ ఒకే సంగతిని రెండు రకాలుగా చదివారంటే బంతి ప్రత్యర్థి చేతిలో పడి ఇంటర్‌సెప్షన్ అవుతుంది. ఆ సీజన్‌లో వెల్కర్ పట్టినవి 112 క్యాచ్‌లు. చాలావరకు చిన్నవే. కానీ నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు సాధించాల్సిన ఆటలో ఏడెనిమిది గజాల క్యాచ్ చిన్న విషయం కాదు.

ఫలితం లెక్కల్లో కొట్టొచ్చినట్టు కనబడింది. 2006లో 24 టచ్‌డౌన్ పాస్‌లు, 12 ఇంటర్‌సెప్షన్లు ఉన్న బ్రేడీకి 2007లో 50 టచ్‌డౌన్లు, 8 ఇంటర్‌సెప్షన్లు. జట్టు 589 పాయింట్లు చేసింది, అప్పటికి అది లీగ్ రికార్డు. పదహారు మ్యాచ్‌లూ గెలిచారు. మనిషి అదే, భుజం అదే. ముందు ఏడాది అతను బాగా విసరలేదని కాదు. విసరడానికి జాగా లేదు.

రెగ్యులర్ సీజన్ చివరి మ్యాచ్ డిసెంబరు 29న న్యూయార్క్ జెయింట్స్ మీద. నాలుగో క్వార్టర్‌లో పేట్రియట్స్ 28-23తో వెనకబడి ఉన్నారు. బ్రేడీ కుడి అంచు వెంట దూరంగా విసిరాడు. మాస్ చుట్టుపక్కల ఎవరూ లేరు, కానీ బంతి కాస్త తక్కువ పడింది, వెనక్కి వంగి అందుకోబోయిన మాస్ చేతుల్లోంచి జారిపోయింది. మరుసటి ఆటలోనే మళ్లీ అతనికే, మళ్లీ అంతే దూరం. ఈసారి 65 గజాల టచ్‌డౌన్! ఆ ఒక్క విసురుతో ఒకే సీజన్‌లో 50 టచ్‌డౌన్ పాస్‌లతో బ్రేడీ, 23 టచ్‌డౌన్ క్యాచ్‌లతో మాస్ ఇద్దరూ రికార్డులు దాటారు. మాస్ దాటింది 1987లో జెర్రీ రైస్ నెలకొల్పిన 22ని. నాకు ఆ రికార్డుల కంటే, ఇప్పుడే జారవిడిచినవాడికే వెంటనే మళ్లీ విసిరిన ఆ నమ్మకం ఎక్కువ ముచ్చటేస్తుంది. జనవరిలో ఇండియానాపోలిస్‌లో లేనిది అదే.

అయితే దూరం పరుగెత్తే రిసీవర్ అక్కడికి చేరడానికి సమయం కావాలి. క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడిన ఐదుగురు లైన్‌మెన్ ఆ మూడు నాలుగు సెకన్లు సంపాదించి పెట్టాలి. 2008 ఫిబ్రవరి 3న సూపర్ బౌల్లో అదే జెయింట్స్ ఆ సెకన్లనే లాగేసుకున్నారు. వాళ్ల డిఫెన్స్‌లోని స్ట్రాహన్, టక్, ఉమెన్యోరా ముందునుంచి తోసుకొచ్చి బ్రేడీని నిలబడనివ్వలేదు. జట్టు మొత్తం మీద ఐదుసార్లు అతన్ని పడగొట్టారు. వెల్కర్ 11 చిన్న క్యాచ్‌లు పట్టగలిగాడు గానీ మాస్‌కు దక్కినవి ఐదే. సీజన్ పొడవునా మ్యాచ్‌కు ముప్పయ్యారు పాయింట్లకు పైగా చేసిన జట్టు 14 దగ్గర ఆగి, 17-14తో ఓడిపోయింది. చివరి సెకన్లలో బ్రేడీ ఉన్న బలమంతా పెట్టి మాస్ కోసం వరసగా రెండుసార్లు ఆకాశంలోకి విసిరాడు. ఒక్కటీ అందలేదు. కొత్త రిసీవర్ల మీద డబ్బు కుమ్మరించి లైన్‌ను గాలికొదిలేసే జట్లను చూసినప్పుడల్లా ఆ రెండు విసుర్లు నా కళ్ల ముందు మెదులుతాయి.

పేరున్న రిసీవర్ వస్తే చాలుననుకోవడమూ పొరపాటే. ఇదే పేట్రియట్స్ 2011లో సిన్సినాటి నుంచి చాడ్ ఓచోసింకోను తెచ్చుకున్నారు. అక్కడ పదివేల గజాలు దాటినవాడు. విసిరేది అదే బ్రేడీ. సీజన్ మొత్తానికి అతను పట్టింది 15 క్యాచ్‌లు, ఒకే ఒక్క టచ్‌డౌన్. అదే ఏడాది వెల్కర్ 122 పట్టాడు. చిన్నప్పటి నుంచీ తన వేగాన్నీ అడుగుల నేర్పునూ నమ్ముకుని తనదైన పద్ధతిలో విడిపించుకుంటూ ఆడినవాడికి, క్వార్టర్‌బ్యాక్ చదివినట్టే డిఫెన్స్‌ను చదివి అతను అనుకున్న చోటే తిరగాలనే ఆట ఒంటబట్టలేదని నా అభిప్రాయం. అంత ప్రతిభావంతుడు సైడ్‌లైన్ దగ్గర నిలబడి మ్యాచ్‌లు చూడటం నాకు బాధగానే ఉండేది.

నన్ను అడిగితే, మాస్, వెల్కర్ చేసిన మేలు పూర్తిగా తెలిసొచ్చింది 16-0 ఏడాదిలో కాదు, ఆ తర్వాతి ఏడాదిలో. 2008 సీజన్ తొలి మ్యాచ్ తొలి క్వార్టర్‌లోనే బ్రేడీ మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. అతని స్థానంలోకి మ్యాట్ కాసెల్ వచ్చాడు. హైస్కూల్ రోజుల తర్వాత ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడించని క్వార్టర్‌బ్యాక్ అతను. యూనివర్సిటీలో కూడా బెంచీ మీదే కూర్చున్నాడు. అలాంటివాడికి ఎదురైన డిఫెన్స్‌లు కూడా మాస్‌ను చూసి వెనక్కే జరిగాయి. వెల్కర్‌కు మధ్యలో అదే ఖాళీ దొరికింది, ఆ ఏడాది 111 క్యాచ్‌లు పట్టాడు. మాస్ వెయ్యి గజాలు దాటాడు. కాసెల్ 3,693 గజాలు, 21 టచ్‌డౌన్లతో సీజన్ ముగించాడు, జట్టు పదకొండు మ్యాచ్‌లు గెలిచింది. ప్లేఆఫ్స్‌కు మాత్రం వెళ్లలేకపోయింది.