అమ్మ వంటగట్టు మీద తెల్ల మచ్చలు

దసరా దగ్గరకొచ్చింది, అందరిండ్లలో కడుగుడు మొదలైతది. అందుకే మా ఇంట్ల జరిగిన సంగతి ఒకటి రాస్తున్న. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గే.

సోలాపూర్‌లో మా వంటగట్టు కడప బండ. ఇక్కడ మరాఠీవాళ్లు కూడా ఆ రాయిని ‘కడప్పా’ అనే అంటరు. అమ్మ బీడీలు చుట్టిన పైసలు కూడబెట్టి వేయించుకున్న గట్టు అది. అంతకుముందు నేలమీద కూర్చునే వంట.

రెండేండ్ల నుంచి దానిమీద తెల్లటి మచ్చలు. గిన్నె అడుగు లెక్క గుండ్రంగ కొన్ని, చుక్కలు చుక్కలుగ కొన్ని. అమ్మకు చూపు తగ్గింది, చింతపండు పిసికి అట్లనే వదిలేస్తున్నదని విసుక్కున్న. "ఈ వయసుల నీకెందుకమ్మా వంట" అని కూడా అన్న. అమ్మ ఏమనలేదు. మధ్యాహ్నం అందరం పడుకున్నంక, ఇత్తడి బిందె తోమినట్టు నిమ్మచెక్కతో, చింతపండు పిప్పితో గట్టు రుద్దేదట. మచ్చలు పోవాలని. అవి ఇంకా పెరిగినయి.

నేను కూడా తక్కువ తినలేదు. రాఖీ పున్నమికి చుట్టాలొస్తున్నరని బాత్‌రూం కడిగే యాసిడ్ కొంచెం పోసిన. బుసబుస పొంగింది. కడిగి చూస్తే అరచెయ్యంత మేర బూడిద రంగు. ఇక పీకేసి గ్రానైట్ వేయిద్దామని ఫర్శీ మేస్త్రీని పిలిచిన.

ఆయన వేలితోటి తడిమి చూసిండు. "ఇది మరక కాదన్నా. కడప బండ సున్నపురాయి జాతి. పులుపు తగిలితే పైపొర తినేస్తది. నునుపు పోయినచోట తెల్లగ కనపడతది" అన్నడు.

అమ్మ అక్కడనే ఉంది. "అయితే నేనే పాడు చేసుకున్ననా బిడ్డా" అన్నది.

"యాసిడ్ పోసింది నేను గదమ్మా" అన్న.

గట్టు పీకలేదు. మేస్త్రీ నీళ్లు చల్లుకుంటు, ముందు గరుకు కాగితం, తర్వాత సన్నవి పెట్టి పాలిష్ చేసిండు. మచ్చలు చాలావరకు పోయినయి. యాసిడ్ పడ్డ చోట మాత్రం చెయ్యి పెడితే పల్లం తెలుస్తది.

కడప బండ ఉన్నవాళ్లకు నాలుగు మాటలు. చింతపండు, నిమ్మ, టమాట, పెరుగు పడితే వెంటనే తడిగుడ్డతోటి తుడవండి. నిమ్మకాయ కోసేటప్పుడు కింద పళ్లెం పెట్టండి. కడగడానికి గిన్నెల సబ్బు నీళ్లు చాలు. వెనిగర్, యాసిడ్ వద్దు. నూనె రాస్తే మచ్చ కొన్నాళ్లు దాగుతది గాని పోదు. మీది ఏ రాయో తెలియకుంటే ఒక మూలన నిమ్మరసం చుక్క వేసి, పావుగంట ఆగి తుడవండి. మచ్చ పడితే సున్నపురాయి జాతే. గ్రానైట్ మీద కనపడే తెల్లపొర చాలాసార్లు బోరునీళ్ల ఉప్పు, దాని సంగతి వేరు.

ఇప్పుడు పులుసు పెట్టేటప్పుడు అమ్మ తనే పళ్లెం అడుగుతది. మీ ఇండ్లలో పెద్దవాళ్లను అనే ముందు ఒకసారి రాయిని చూడండి. మీరేం చేస్తున్నరో కింద రాయండి.